దైవం ఐదవది: చైత్రపు గాలివాన, పెరటి పందిరి

వసంతఋతువును కవులు పూలతోను, కోకిలలతోను వర్ణించారు. కొల్లేటి సీమలో కూరపాదులు పెంచేవారికి ఈ ఋతువు వేరొక ముఖాన్ని కూడా చూపుతుంది. మాఘమాసంలో విత్తిన బీర, పొట్ల, కాకర ఉగాది నాటికి పందిరెక్కి పూతతో, పిందెతో నిండి ఉంటాయి. వంగ, బెండ కాపుకు వస్తాయి. సరిగ్గా ఆ రోజులలోనే, మధ్యాహ్నమంతా మండిన ఎండ తరువాత, సాయంకాలం నాలుగు గంటల వేళకు పడమటి దిక్కున మేఘం నల్లబడుతుంది. ముందు ధూళి, వెనుక ఈదురుగాలి, దాని వెనుక వాన, ఎప్పుడో ఒక ఏడు ఆ వానతోపాటు వడగళ్ళు. అరగంటలో అంతా ముగుస్తుంది. మూడు నెలల కృషి ఆ అరగంటలో నేలపాలు కావచ్చు.

శివాలయంలో అర్చకత్వం చేస్తూ, ఆలయం వెనుకనున్న పది సెంట్ల స్థలంలో స్వామి నైవేద్యానికి, పర్వదినాల అన్నసమారాధనకు కూరగాయలు పండిస్తున్నవాడిని గనుక, ఈ విషయమై జిజ్ఞాసువులు తరచుగా అడిగే ఒక ప్రశ్నను ఇక్కడ విచారించదలచాను. శివునాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు గదా, మరి గాలి రాకముందే గుంజలు పాతి తాళ్ళు కట్టడం విశ్వాసలోపం కాదా? మరికొందరు దీనినే తిప్పి అడుగుతారు: గుంజలు, తాళ్ళు ఉండగా జపమెందుకు, శాంతి ఎందుకు? రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. మానవప్రయత్నాన్ని, దైవాన్ని త్రాసులో చెరొకవైపు పెట్టి, ఒకటి బరువెక్కితే రెండవది తేలిపోతుందని భావించడమే ఆ మూలం.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం ఈ త్రాసును అంగీకరించదు. ఏ కర్మ సిద్ధించాలన్నా ఐదు కారణాలు కలసిరావాలని అక్కడ భగవానుడు ఉపదేశించాడు: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, ఐదవది దైవం. శంకరభగవత్పాదులు వీటిని దేహపరంగా వ్యాఖ్యానించారు. అధిష్ఠానమంటే శరీరం, కర్త అంటే ఉపాధితో కూడిన భోక్త, కరణాలు ఇంద్రియాలు, చేష్టలు ప్రాణవాయువుల వ్యాపారాలు, దైవమంటే నేత్రాది ఇంద్రియాలను అనుగ్రహించే ఆదిత్యాది దేవతలు. ఇందులో మనం గ్రహించవలసినవి రెండున్నాయి. మొదటిది, దైవం లెక్కలో ఐదవది. తక్కిన నాలుగూ ఉన్నచోటనే అది ఐదవది అవుతుంది. రెండవది, దైవమంటే మన పనిని చెడగొట్టడానికి వెలుపల పొంచి ఉన్న శక్తి కాదు. మన కన్ను చూడగలగడానికే కారణమైన శక్తి. ఈ ఐదింటినీ తోటకు అన్వయించి చూద్దాం.

అధిష్ఠానం: నేల, దిక్కు

ఏలూరు నుండి కొల్లేటి వైపు దిగేకొద్దీ నేల జిగురుగా, నల్లగా మారుతుంది. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు వంటి ఏరులు సరస్సులోకి నీరు తెస్తే, ఆ నీటిని సముద్రానికి చేర్చే దారి ఉప్పుటేరు. ఇటువంటి పల్లపు దేశంలో నీరు త్వరగా కదలదు. గాలికి విరిగిన తీగ మళ్ళీ చిగురిస్తుంది గాని, రెండు రోజులు నీట నానిన వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. కనుక తొలి సన్నాహం నేల వైపు చూసి చేయవలసినదే. జానెడు ఎత్తున బోదెలు తోలి, నడుమ కాలువలు తీసి, వాటన్నింటికీ పల్లం వైపు ఒక మురుగుదారి ఏర్పరచాలి. తాడేపల్లిగూడెం దాటి, ఉద్యాన విశ్వవిద్యాలయమున్న వెంకట్రామన్నగూడెం వైపు మెట్టప్రాంతంలో ఎర్రనేలలు నీటిని త్వరగా వదలుతాయి. అక్కడి చిక్కు వేరు: తడిసిన తేలికనేల గుంజను గట్టిగా పట్టుకోలేదు, కాబట్టి మరింత లోతుగా పాతాలి.

ఇక దిక్కు. మా ప్రాంతంలో ఎండకాలపు గాలివాన తరచుగా పడమర నుండి, వాయవ్యం నుండి వస్తుంది. అష్టదిక్పాలకులలో వాయవ్యానికి వాయుదేవుడు అధిపతి కావడం మనకు తెలిసినదే. తోటకు ఆ వైపున దడి ఉండాలి. అయితే దడి గోడవలె సందులేకుండా ఉండరాదు. గాలి నిండుగోడను ఢీకొంటే దానిపైకి లేచి, ఆవలి వైపున సుడి తిరుగుతూ దిగి, కాపాడదలచిన మొక్కలనే పెకలిస్తుంది. సగం మూసి సగం తెరచినట్లుండే దడి గాలిని నిలువరించదు, నెమ్మదింపజేస్తుంది. తన ఎత్తుకు పది రెట్ల దూరం దాకా దాని రక్షణ ఉంటుంది. ఎడమెడంగా కట్టిన తాటాకు దడి చాలు. ముందుచూపున్నవారు మాఘంలోనే ఆ వైపున మూడు వరుసలు జొన్న గాని మొక్కజొన్న గాని విత్తుకుంటారు. అవిసె త్వరగా పెరుగుతుంది, ద్వాదశి పారణకు ఆకూ ఇస్తుంది. కాని దాని కొమ్మ పెళుసు గనుక పందిరికి దూరంగా వేయడం మంచిది.

కర్త: తన పని తానే చేయవలసినవాడు

ఆలయానికి చేరువలో, చెరువుగట్టు క్రింద అరెకరం కౌలుకు తీసుకొని కూరపాదులు పెంచే రైతు ఒకడున్నాడు. కొన్నేళ్ళ క్రితం ఉగాదినాడు పంచాంగశ్రవణం ముగిసి అందరూ లేచి వెళ్ళాక అతడు మండపంలోనే ఆగిపోయాడు.

“పంతులుగారండీ, రాళ్ళవాన పడకుండా ఏదన్నా శాంతి ఉంటే చేయించండి. ఈ పాదులు పోతే కౌలు కట్టలేనండి. దక్షిణ ఎంతైనా అప్పు చేసి ఇచ్చుకుంటాను.”

“శాంతి తప్పకుండా చేస్తానయ్యా. అప్పు దేనికి? నిత్యాభిషేకంలో నీ గోత్రనామాలు చెబుతాను. కాని మొన్న అటుగా వస్తూ నీ పందిరి చూశాను. వాయవ్యం మూల గుంజ చేత్తో ఊపితే ఊగుతోంది. ముందు దాని సంగతి చూద్దాం.”

“అంటే శాంతికి ఆగదంటారాండీ?”

“రోజూ చమకంలో కృషి కావాలని అడిగాకే వృష్టి కావాలని అడుగుతాం. వృష్టి కోసం నీ తరఫున నేను అడగగలను. కృషి నీది. నీ అన్నం నేను తింటే నీ ఆకలి తీరుతుందా?”

అతడు నవ్వలేదు. అతని భయం అటువంటిది. అర్చకుడు యజమాని పక్షాన సంకల్పం చెప్పగలడు, మంత్రం పఠించగలడు. యజమాని చేయవలసిన పనిని మంత్రంలోకి మార్చి అతని చేతులు ఖాళీ చేయలేడు. భయపడుతున్నవాడి నుండి శాంతి పేరిట ధనం గ్రహించి, చేయవలసిన పని చెప్పకుండా పంపడం కంటె అర్చకధర్మానికి విరుద్ధమైనది లేదని నాకు వేదం చెప్పిన గురువులు అనేవారు. మరునాడు ప్రాతఃకాలార్చన ముగించుకొని నేనూ అతని తోటకు వెళ్ళాను. అతడు, అతని భార్య, నేను కలిసి నాలుగు మూలల గుంజలూ తీసి మళ్ళీ పాతాం.

కరణాలు: గుంజ, నార, వల, గంప

పందిరి సాధారణంగా నడిమధ్యలో కూలదు. మూలగుంజ ఒరిగితే తక్కినదంతా దానివెంట ఒరుగుతుంది. మూలలకు సరుగుడు గుంజలు శ్రేష్ఠం. రెండడుగులకు తగ్గకుండా పాతి, మొదట రాళ్ళు, పైన మట్టి కూరి దిమ్మిస చేయాలి. ప్రతి మూలగుంజకూ వెలుపలి వైపు వాలుగా ఒక లాగుడు తాడు కట్టి, దానిని నేలలో దిగగొట్టిన మేకుకు బిగించాలి.

గుంజను బిగించాలి గాని తీగను బిగించరాదు. నీటిలో నానబెట్టిన అరటినారతో, తీగకు గుంజకు నడుమ ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. బిగించి కట్టిన తీగ గాలికి కట్టు దగ్గరనే తెగుతుంది. వంగ, టమాట మొక్కలకు ఊతపుల్లను గాలి వచ్చే వైపున గుచ్చితే మొక్క పుల్లకు ఒరుసుకొని గాయపడదు. బెండకు పుల్ల అక్కరలేదు. మొదలు చుట్టూ మన్ను ఎగదోస్తే చాలు.

వడగళ్ళకు వల ఉత్తమం. మా వైపు చేపల చెరువులపై పక్షులు వాలకుండా కట్టే వలలు పాతబడితే తక్కువ ధరకు దొరుకుతాయి. సన్నకన్ను వలను రెండు మడతలు వేసి, పందిరికి జానెడు ఎత్తున, ఒకవైపుకు వాలుగా కట్టాలి. వాలు లేకపోతే పడిన గడ్డలన్నీ ఒకచోట చేరి ఆ బరువుకే వల దిగి తీగల మీద కూర్చుంటుంది. ప్రక్కలు మూయరాదు. బీరపువ్వు సాయంకాలం విచ్చుకుంటుంది; ఆ వేళ పురుగులు రాకపోతే పిందె కట్టదు. నారుమడికి ఇంతకంటె సులభమైన ఉపాయం ఉంది: గంపలు బోర్లించి, ఎగిరిపోకుండా పైన రాయి ఉంచడం. వాన వెలిసిన వెంటనే గంపలు తీసివేయాలి, లేకపోతే ఉక్కకు నారు కుళ్ళుతుంది.

చేష్ట: ఏ పని ఎప్పుడు

ఉత్తరాభాద్ర కార్తె నుండి భరణి కార్తె ముగిసే దాకా, అంటే మార్చి మూడవ వారం నుండి మే రెండవ వారం దాకా, జాగరూకత అవసరం. పంచాంగంలోని మేఘాధిపతి, సస్యాధిపతి ఫలాలు సంవత్సరాన్ని సమగ్రంగా చెప్పేవి. ఫలానా సాయంకాలం ఫలానా ఊరి మీదకు ఏ మేఘం వస్తుందో చెప్పడం వాటి ప్రయోజనం కాదు. దానికి ప్రత్యక్షప్రమాణాన్నే ఆశ్రయించాలి. రైతులకు వాతావరణ సూచనలిచ్చే మేఘదూత్, పిడుగుల జాడ తెలిపే దామిని అనే యాప్‌లు ఇప్పుడు చేతిలోని ఫోనులోనే లభిస్తున్నాయి. రెండింటికీ సంస్కృతనామాలే పెట్టడం నాకు ముచ్చట గొలుపుతుంది. ఫోను లేనివారికి ఆకాశమే చెబుతుంది: భరించలేని ఉక్క, ఆకు కదలని నిశ్చలత, పడమట కొండవలె పైపైకి పెరిగే మేఘం.

హెచ్చరిక తెలిసిననాడు ఉదయమే ముదిరిన కాయలన్నీ కోయాలి. వాటి బరువు తగ్గితే పందిరి తేలికపడుతుంది, కోసినవి ఎలాగూ చేతికి దక్కుతాయి. ఆనాడు నీరు పెట్టరాదు, యూరియా వేయరాదు. కాలువలలో చెత్త తీసి మురుగుదారి తెరవాలి. ఇక ఉరుము వినిపించిన క్షణం నుండి తోటలో ఎవరూ ఉండరాదు. విప్పిన ముడి విప్పినట్లే వదలి ఇంట్లోకి రావాలి. తాటిచెట్టు క్రింద గాని, ఇనుపతీగల పందిరి ప్రక్కన గాని నిలబడడం ప్రాణాపాయం. కర్త లేకుండా పోతే తక్కిన నాలుగు కారణాలతో ఏ కర్మ సిద్ధిస్తుంది?

దైవం: ఒకే ఆదిత్యుడు

వడగల్లు ఎలా పుడుతుందో తెలుసుకుంటే దైవాన్ని గురించిన మన అపోహ ఒకటి తొలగుతుంది. ఎండకు కాగిన నేల మీది గాలి, బంగాళాఖాతం నుండి వచ్చిన తేమను వెంటబెట్టుకొని వేగంగా పైకి లేస్తుంది. సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తు దాటాక శైత్యం సున్నా డిగ్రీలకు దిగువకు చేరుతుంది. అక్కడ కొన్ని నీటిబిందువులు గడ్డకట్టకుండా ద్రవంగానే నిలిచి, ఒక చిన్న మంచుకణం తగలగానే దానిపై పొరగా పేరుకుంటాయి. పైకి లేచే గాలి మోయగలిగినంతసేపు ఆ గడ్డ పెరుగుతుంది, మోయలేనప్పుడు రాలుతుంది. దిగేదారిలో వెచ్చని గాలికి చాలా భాగం కరిగిపోతుంది. సముద్రమట్టానికి సమీపంలో ఉన్న మా సరస్సు సీమలో అందుకే గాలి తరచు, వడగల్లు అరుదు. ఎత్తైన తెలంగాణ పీఠభూమిలో అది ఎక్కువ. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో వడగళ్ళతో నేలంతా తెల్లబడింది. 1888 ఏప్రిల్ 30న ఉత్తరదేశంలోని మొరాదాబాద్ దగ్గర వడగళ్ళకు 246 మంది మరణించారు. కరకలంటే పిల్లలు ఏరుకొనే మంచుగోలీలు మాత్రమే కావు.

ఇంతకూ మేఘాన్ని అంత ఎత్తుకు లేపినది ఎవరు? పిందెను కాయగా పెంచిన ఆదిత్యుడే. పోషించే దేవత ఒకరు, కూల్చే దేవత మరొకరు అనే విభజన ప్రకృతిలో లేదు, వేదంలోనూ లేదు. నమకం చివరి అనువాకంలో మూడు లోకాలలోని రుద్రులకు నమస్కరిస్తాం. ద్యులోకంలోని వారికి వర్షం బాణాలు, అంతరిక్షంలోని వారికి గాలి బాణాలు, భూమిపైని వారికి అన్నమే బాణాలు. అన్నం కూడా బాణమే అన్నమాటను నేను బాల్యంలో స్వరంతో మాత్రమే నేర్చుకున్నాను. తోట పెంచాక దాని అర్థం కొంత తెలిసింది. బాణాలు లేవని రుద్రాధ్యాయం ఎక్కడా చెప్పదు. వింటినారిని సడలించుమని మాత్రమే ప్రార్థిస్తుంది.

ఆ యేడు అశ్విని కార్తెలో గాలి వచ్చింది, కొద్దిపాటి వడగళ్ళతో. కౌలురైతు బెండ నేలకొరిగింది, వంగపిందె సగం రాలింది, పందిరి నిలిచింది. సాయంకాలం దీపారాధన వేళకు అతడు వచ్చి గుడిమెట్ల మీద కూర్చున్నాడు.

“మీ శాంతి పనిచేసిందాండీ, మన గుంజలు పనిచేశాయాండీ?”

“ఐదు వేళ్ళతో ముద్ద కలుపుతాం. ఏ వేలు కలిపిందంటే ఏం చెప్పనయ్యా?”

అప్పుడు అతడు నవ్వాడు. కాని అతని పొరుగు రైతు నవ్వలేదు. అతని పందిరి అంతకంటె గట్టిది. మూలగుంజలు లోతుగా పాతినవే. గట్టుమీది వృద్ధవృక్షం ఒకటి సమూలంగా పడి దానిని నలగగొట్టింది. “నేనేం పాపం చేశానండీ?” అని అతడు నన్ను అడిగాడు. ఇది నీ పూర్వకర్మఫలమని చెప్పడం అర్చకుడికి చాలా సులభం, వినేవారూ తలలూపుతారు. నేను చెప్పలేదు. కర్మగతి గహనమని గీతయే అన్నది. గహనమైనదానిని ఎదుటివాని దుఃఖం మీద మాత్రం తేటతెల్లంగా చదివినట్లు చెప్పే అధికారం ఏ శాస్త్రమూ నాకు ఇవ్వలేదు. నాలుగు కారణాలూ అతడు సమకూర్చాడు, ఐదవది కలసిరాలేదు. కలసిరాకపోవడం అతని దోషం కాదు. దీనినే అతనితో అన్నాను.

అటువంటి వేళ స్మరించదగినది ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుని కథ. కురుదేశపు పైరులు ‘మటచీ’ చేత నాశనమయ్యాయని ఆ కథ ఆరంభమవుతుంది. ఆ పదానికి శంకరులు అశనులని అర్థం చెప్పారు. వడగళ్ళని, ఎర్రని పురుగులని అన్నవారూ ఉన్నారు. కరవులో ఉషస్తి భార్యతో కలిసి ఒక గ్రామం చేరి, నాసిరకపు మినుములు తింటున్న ఏనుగుల కాపరిని యాచించి, అతడు తినగా మిగిలినవే తిన్నాడు. త్రాగడానికి అతని ఎంగిలినీరు మాత్రం తీసుకోలేదు. తినకపోతే బ్రతకను, నీరు నాకు కోరినచోట దొరుకుతుందన్నాడు. ఆపదలో ధర్మం ఎంతవరకు సడలుతుందో, ఎక్కడ మళ్ళీ నిలబడుతుందో ఆ ఒక్క నిర్ణయంలో ఉంది. తాను తినగా మిగిలిన మినుములు భార్యకు తెచ్చి ఇస్తే, అప్పటికే భిక్ష దొరికిన ఆ ఇల్లాలు వాటిని దాచింది. మరునాటి ఉదయం ఆ గుప్పెడు తినే ఉషస్తి రాజు చేస్తున్న యజ్ఞానికి నడవగలిగాడు. అక్కడ ఋత్విక్కులకు వారి గానానికి అధిదేవతలెవరో ఉపదేశించాడు: ప్రాణం, ఆదిత్యుడు, అన్నం. పైరును పోగొట్టుకున్న దేశంనుండి వచ్చినవాడు, ఆకలితో నడచివచ్చినవాడు, ఆదిత్యుని మీద గాని అన్నం మీద గాని ఒక్క నిష్ఠూరం పలకలేదు. ఆ ఉపదేశం వరకు అతనిని నడిపించినది ఇల్లాలు దాచిన గుప్పెడు.

తోటలో ఆ గుప్పెడు ఏది? విత్తనాలన్నీ ఒకేసారి విత్తకుండా కొంత మిగుల్చుకోవడం. నారుమడిలో అదనంగా ఒక చాలు పెంచి గంపల క్రింద కాపాడుకోవడం. ఆలయపు నారుమడిలో ఆనాడు మిగిలిన వంగనారు, దాచిన బీరవిత్తనాలు పొరుగు రైతుకు ఇచ్చాం. కౌలురైతు తన జొన్నదడిని కోసి అతని కొత్త పందిరికి కప్పు వేశాడు. ఆ వైశాఖం అతనికి నష్టమే మిగిల్చింది. ఆషాఢంలో అతని బీరకాయ మా స్వామి నైవేద్యానికి వచ్చింది.

గాలివాన తరువాతి కర్తవ్యం కూడా ఒక మాట చెప్పాలి. నిలిచిన నీటిని ఆనాడే బయటికి పంపాలి. ఒరిగిన మొక్కను నేల తడిగా ఉండగానే నిలబెట్టి మన్ను ఎగదోయాలి. చిరిగిన ఆకులు, విరిగిన కొసలు కోసివేయాలి; ఆకులు ఆరాక, తెగులు సోకకుండా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చల్లవచ్చు. ఏ మొక్కనూ తొందరపడి పెరికివేయరాదు. వారం రోజులు ఆగితే బీర, పొట్ల కణుపుల వద్ద మళ్ళీ చిగురిస్తాయి. చచ్చినదని మనం నిర్ణయించిన తీగలో ప్రాణం ఉండవచ్చు.

కనుక జిజ్ఞాసువుల ప్రశ్నకు నా సమాధానం ఇది. గుంజ పాతడం విశ్వాసలోపం కాదు. దైవానికి తన ఐదవ స్థానాన్ని సిద్ధం చేయడం. జపం చేయడం అసమర్థత కాదు. నాలుగు కారణాలు చేతిలో ఉన్నా ఐదవది చేతిలో లేదని వినయంతో అంగీకరించడం. ఒకటి మానినవాడు రెండవదాన్ని కూడా సరిగా చేయలేడు. రానున్న ఉత్తరాభాద్ర కార్తెలో ఉదయం అభిషేకం చేయించుకోండి. ఆ సాయంకాలమే మీ పందిరి వాయవ్యపు మూలకు వెళ్ళి గుంజను ఒకసారి చేత్తో ఊపి చూడండి.

స్వస్తి.